అద్దెకు ఇవ్వబడును, లోపల విచారించండి

నేను ఒక రేకు బోర్డుని. నా ఒంటి మీద రెండే వాక్యాలు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అనేది ఒకటి. దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో "వివరములకు లోపల విచారించండి" అని రెండోది. రెండింట్లోనూ మనిషి లేడు. ఎవరు ఇస్తారో చెప్పను, లోపల ఎవరిని విచారించాలో చెప్పను. ఇవ్వబడును, అంతే. ఇంత బాధ్యత లేని మాట మెడలో వేసుకుని ఇన్నేళ్ళు ఎలా బతికావని నన్ను అడక్కండి. రాసింది నేను కాదు.

అంతకుముందు నేను వేరుశనగ నూనె డబ్బాని. నూనె అయిపోయాక పాత సామాన్ల బండి ఎక్కాను. బండి మీద నుంచి ప్రభుదాసు అనే పెయింటరు నన్ను ఏరుకుని, కోసి, సుత్తితో చదును చేసి, పసుపు రంగు వేసి, ఎర్ర అక్షరాలు రాశాడు. వెనకవైపు మాత్రం రంగు వేయలేదు. వెనక ఎవరు చూస్తారన్నాడు. అందుకే నా వీపు మీద ఇప్పటికీ సగం వేరుశనగకాయ బొమ్మ ఉంది. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు కూడా వీధి వైపు గోడకే మంచి రంగు వేయిస్తారు కాబట్టి నేను ప్రభుదాసుని తప్పుపట్టలేదు.

నన్ను మొదట కొన్నది శౌరయ్య మాస్టారు. ఆయనది గుంటూరు బ్రాడీపేట. తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. బ్రాడీపేటలో వీధులకి పేర్లుండవు, అంకెలుంటాయి. ఇటు పోయేవి లైన్లు, అటు పోయేవి అడ్డరోడ్లు. అక్కడ ఎవరి అడ్రసు అడిగినా లెక్కల మాస్టారు ఎక్కం చెప్పినట్టు ఉంటుంది. శౌరయ్య మాస్టారు నిజంగానే లెక్కల మాస్టారు. నన్ను బేరమాడి కొని, మేడమీద గదులు అద్దెకు పోయేదాకా గేటుకి వేలాడదీశారు. అవి అద్దెకు పోయిన మర్నాడే పక్కింటాయన వచ్చి, ఆ బోర్డుతో ఇక మీకు పనిలేదు కదా మాస్టారూ, ఒకసారి ఇస్తారా అన్నాడు. ఇచ్చారు. పక్కింటాయన దగ్గర్నుంచి ఎదురింటివాళ్ళు తీసుకున్నారు. అలా మా లైను మొత్తానికి నేనే బోర్డునయ్యాను. ఇళ్ళు కట్టడానికి లక్షలు పోసినవాళ్ళు ఒక రేకుముక్క కొనడానికి మాత్రం ముందుకు రాలేదు. నేను ఎవరి సొత్తో అందరూ మర్చిపోయారు. నాకూ సరిగ్గా గుర్తులేదు.

అన్ని గేట్లకీ వేలాడాను కాబట్టి అన్ని ఇళ్ళ పొదుపులూ చూశాను. మా లైనులో ఎవరూ దొంగలు కారు. పన్ను ఎగ్గొట్టడం అంటే వాళ్ళకి భయం. పన్ను తప్పించుకోవడం అంటే మాత్రం సరదా. ఆ రెంటికీ తేడా ఏమిటో ఆదివారం పూట అరుగుల మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. శౌరయ్య మాస్టారు ఏటా చలికాలం మొదట్లో నల్లద్రాక్ష కొని, పంచదార వేసి, జాడీలో పోసి, వాసెన కట్టి మర్చిపోయేవారు. సరిగ్గా అది వైనయ్యే వేళకి, క్రిస్మస్‌కి గుర్తొచ్చేది. మర్చిపోవడం మీద ఏ ప్రభుత్వమూ ఇంతవరకు పన్ను వేయలేదు. చివరింటి కాంట్రాక్టరు వెంకటప్పయ్యగారు క్లబ్బులో పేకాడేవారు. పేకాటలో గెలిస్తే అది ఆదాయం, దానికి పన్ను ఉంది. ఓడితే లేదు. ఆయన జన్మంతా ఒక్క పైసా పన్ను పడకుండా ఆడారు, పూర్తిగా చట్టబద్ధంగా. ఇంకొకాయన, ఇల్లు పూర్తయ్యేదాకా పన్ను పడదని ఎవరో చెబితే నమ్మి, మేడమీద ఇనుపచువ్వలు అలాగే వదిలేశారు. గృహప్రవేశం చేసుకున్నారు, కూతురి పెళ్ళి చేశారు, మనవణ్ణి ఎత్తుకున్నారు. ఇల్లు మాత్రం ఇంకా కడుతూనే ఉన్నారు. కాలేజీ లెక్చరరు ఒకాయన పన్ను తగ్గుతుందని ప్రతి మార్చిలోనూ ఒక ఇన్సూరెన్సు పాలసీ తీసుకునేవారు. తీసుకోగా తీసుకోగా ప్రీమియాలకే జీతం సరిపోయి, ఇంట్లో నెలాఖరుకి కూర ఉండేది కాదు. ఆయన పోయాక మాత్రం ఇంటిల్లిపాదీ హాయిగా తినొచ్చు.

నన్ను చివరగా అడిగి తీసుకున్నది చిదంబరంగారు. పొగాకు కంపెనీలో గుమాస్తా చేసి రిటైరయిన మనిషి, పింఛను లేదు. వెనకవైపు గది అద్దెకిద్దామని నన్ను తెచ్చి, వేలాడదీయక ముందే ఆయన పోయారు. ఆ గదిలో కొడుకు పిల్లల పుస్తకాలు పెట్టుకున్నారు. నన్ను తిరిగి ఎవరికి ఇవ్వాలో తెలియక, వసారాలో నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టారు. రాత వైపు కిందకి, వేరుశనగకాయ పైకి. చాలా ఏళ్ళు నీళ్ళనే చూస్తూ బతికాను. చూడ్డానికి ఏమీ లేదు గాని వినడానికి లోటు లేదు. ఆ వసారాకి ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క హాలు కిటికీ.

ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు. చిదంబరంగారి భార్య భ్రమరాంబగారు, కొడుకు పానకాలరావు, కోడలు హిమబిందు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో చదువుకుంటున్నారు. పానకాలరావు ఇన్సూరెన్సు ఆఫీసులో ఆఫీసరు. మంగళగిరి స్వామికి పానకం మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. ఇల్లు మాత్రం భ్రమరాంబగారి పేరు మీద ఉంది. స్థలం కొన్నప్పుడు పోయింది ఆవిడ గాజులూ గొలుసూ కాబట్టి చిదంబరంగారు న్యాయంగా ఆవిడ పేరే రిజిస్టరు చేయించారు. చేయించి, ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. గేటు పక్కన చలువరాతి పలక మీద మాత్రం ఆయన పేరే చెక్కించారు.

భ్రమరాంబగారి గొంతు నాకు బాగా తెలుసు. ముఖ్యంగా ఆవిడ డబ్బులు అడిగే గొంతు. ముందు కొడుక్కి కాఫీ ఇచ్చేవారు. ఇచ్చి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడేవారు. కాసేపు ఎండ గురించో, పాలవాడి గురించో మాట్లాడి, "నాన్నా, నీ దగ్గర చిల్లరేమన్నా ఉందా?" అనేవారు. ఎంత కావాలో ఎప్పుడూ చెప్పేవారు కాదు. పానకాలరావు చెడ్డ కొడుకు కాడు. ఒక్కసారి కూడా లేదనలేదు. అయితే ఇచ్చేముందు జేబులో చిల్లర గలగలలాడిస్తూ, "దేనికమ్మా?" అని అడిగేవాడు. మామూలుగానే అడిగేవాడు. మోకాళ్ళ నొప్పులకి పూసుకునే తైలానికని ఒకసారి, పనిమనిషి కూతురికి ఏదో ఇద్దామని ఒకసారి ఆవిడ సంజాయిషీ చెప్పుకునేవారు. ఒకసారి తెనాలిలో ఉన్న చెల్లెల్ని చూసి రావాలనుకున్నారు. కాఫీ ఇచ్చారు, నిలబడ్డారు, ఎండ గురించి మాట్లాడారు, లోపలికి వెళ్ళిపోయారు. ఆరోజు ఆ "దేనికమ్మా"కి జవాబు చెప్పుకునే ఓపిక లేకపోయిందనుకుంటాను. తెనాలి గుంటూరుకి బస్సులో గంట దూరం కూడా లేదు.

ఇలా ఉండగా ఒక జనవరిలో పానకాలరావుకి ఆఫీసులో ఎవరో జ్ఞానోదయం కలిగించారు. సొంత ఇంట్లో ఉంటే జీతంలో వచ్చే అద్దె అలవెన్సు మీద పన్ను పడుతుంది. అద్దె ఇంట్లో ఉంటే చాలావరకు పడదు. నువ్వు ఉంటున్న ఇల్లు నీది కాదు, మీ అమ్మది. మీ అమ్మకి అద్దె ఇవ్వు.

పానకాలరావు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, తన జీవితంలో సగం తప్పుదారిన పోయిందన్నట్టు కూర్చున్నాడు. ఇన్నేళ్ళు తను అమ్మ ఇంట్లో ఊరికే ఉండి ఎంత నష్టపోయాడో హిమబిందుకి లెక్క చెప్పాడు. మర్నాడే ఆడిటర్ మస్తాన్‌వలిగారిని ఇంటికి పిలిచాడు. ఆయన పక్క అడ్డరోడ్డులోనే ఉంటారు. ఆఫీసులో కలిస్తే ఫీజు, ఇంటికొస్తే కాఫీ. అది కూడా ఒక పొదుపే.

మస్తాన్‌వలిగారు కాఫీ తాగి, ఇది చట్టంలో ఉన్న దారేనని, దొంగదారి కాదని చెప్పారు. అయితే ఒక షరతు పెట్టారు.

"రసీదు ముక్క రాసుకుంటే చాలదు రావుగారూ. అద్దె నిజంగా అద్దె అయ్యుండాలి. నెలనెలా మీ ఖాతాలోంచి అమ్మగారి ఖాతాలోకి వెళ్ళాలి. అక్కడి నుంచి మళ్ళీ మీ జేబులోకి రాకూడదు. ఆవిడ ఓనరు, మీరు అద్దెకున్నోళ్ళు. రేపు ఎవరన్నా వచ్చి అడిగినా అట్టాగే ఉండాలి."

"ఉంటదండీ. మా అమ్మే కదా," అన్నాడు పానకాలరావు.

"అదేనండీ నా భయం," అన్నారు మస్తాన్‌వలిగారు.

నమ్మకంగా ఉండడానికి అగ్రిమెంటు గట్టిగా రాయించాడు పానకాలరావు. అచ్చం బయటివాళ్ళ మధ్య రాసుకున్నట్టు షరతులన్నీ పెట్టించాడు. గోడలు పాడుచేయరాదు, నీళ్ళు వృథా చేయరాదు, ఏ పక్షమైనా ఖాళీ సంగతి రెండు నెలల ముందు తెలియజేయాలి. సంతకానికి ముందు హిమబిందు దాన్ని అత్తగారికి చదివి వినిపించింది. "యజమానురాలు" అన్న చోట భ్రమరాంబగారు ఆపారు.

"ఎవరమ్మాయ్?"

"మీరే అత్తయ్యా."

ఆవిడ ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు. యజమాని అనే మాట ఆవిడ అంతవరకు చిదంబరంగారి గురించే విని ఉంటారు. ఆ తరవాత మిగతా షరతులు కూడా మొదటి నుంచి చదివించుకున్నారు. పానకాలరావు టైమవుతోందంటూ, అదంతా మామూలుగా రాసేదేనమ్మా, సంతకం పెట్టు చాలు అన్నాడు. ఆవిడ విని, అన్నీ అర్థమయ్యాక, నిదానంగా సంతకం పెట్టారు. అక్కడ పానకాలరావు చేసిన పొరపాటు ఒక్కటే. ఆ కాగితం చదివిన వాళ్ళలో దాన్ని నమ్మినది వాళ్ళమ్మ ఒక్కతేనని గమనించలేదు.

ఫిబ్రవరి ఒకటో తారీఖున ఆవిడ ఫోను టింగుమంది. హిమబిందు మెసేజీ చదివి, అద్దె పడిందని చెప్పింది. భ్రమరాంబగారు వసారాలోకి వచ్చి డ్రమ్ము మీద మూత తీసి, నీళ్ళలోకి చూశారు. ఆ నీళ్ళలో ఆవిడకి ఏం కనిపించిందో గాని, చాలాసేపు నన్ను చేత్తో పట్టుకునే నిలబడ్డారు. ఆ రోజు కాఫీ ఇచ్చి నిలబడలేదు, ఇచ్చి వెళ్ళిపోయారు. పానకాలరావుకి ఏదో వెలితిగా అనిపించి, "ఏమన్నా కావాలా అమ్మా?" అని తనే అడిగాడు. అక్కర్లేదన్నారు.

ఇక ఓనరుగా ఎలా ఉండాలన్నది సమస్య. ఆవిడకి ఆ ఉద్యోగం కొత్త. కానీ పెళ్ళయినప్పటి నుంచి చిదంబరంగారితో ఎన్నో అద్దె ఇళ్ళు తిరిగారు కాబట్టి, ఓనర్లని దగ్గర్నుంచి చూశారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదంతా ఇప్పుడు బయటకి తీశారు. పానకాలరావు హాల్లో కొత్త టీవీ కోసం గోడకి డ్రిల్లు పెట్టబోతే వచ్చి, మెత్తగా, "గోడకి చిల్లులెయ్యాలంటే ముందు ఓనరుకి చెప్పాలి కదయ్యా," అన్నారు. మోటారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నారు. బావమరిది వచ్చి వారం దాటితే, చుట్టాలు ఇంకా ఎన్నాళ్ళుంటారని అడిగారు. గొంతు ఎప్పుడూ పెంచలేదు. వాళ్ళ పాత ఓనరమ్మ ఒకావిడ కూడా గొంతు పెంచేది కాదట. అందుకే అందరికీ ఆవిడంటే హడలని చెప్పారు.

పానకాలరావు ఆఫీసులో, మా ఓనరుతో వేగలేకపోతున్నానని వాపోతే, ఓనర్లంతా ఇంతేనండీ అని అందరూ ఓదార్చారట. ఇంటికొచ్చి హిమబిందుకి చెప్పుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఆమెకి ఈ ఏర్పాటులో లాభం కనిపించింది. వంటింటి కుళాయి రెండేళ్ళుగా కారుతోంది. మొగుడికి చెప్పగా చెప్పగా, చూద్దాంలే అన్న మాట తప్ప వాషరు రాలేదు. ఒకరోజు ఊరికే సరదాకి, "ఓనరుగారూ, కుళాయి కారుతోందండీ" అంది. భ్రమరాంబగారు ఆ సాయంత్రానికి ప్లంబరుని పిలిపించి, కుళాయే మార్పించి, తన డబ్బులిచ్చి పంపారు. దసరాకి ముందు సున్నం వేయించారు. హిమబిందుకి నచ్చిన రంగేమిటో అడిగారు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు. అత్తాకోడళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య చాలా విషయాలు నలిగేవి. ఓనరూ అద్దెమనిషీ అయ్యాక ఇద్దరికీ మర్యాద వచ్చింది. ఎవరి హద్దు ఎక్కడో తెలిస్తే మనుషులు ఇంత బాగా ఉండగలరని నాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ తెనాలి వెళ్ళారు. చెప్పి వెళ్ళారు, అడిగి కాదు. వచ్చేటప్పుడు చెల్లెలికి ఒక చీర పెట్టి వచ్చానని కూడా చెప్పారు. దేనికమ్మా అని పానకాలరావు అలవాటుగా అనబోయి, ఆ మాటకి ఇప్పుడు చోటు లేదని తెలిసి, చీర ఏ రంగని అడిగాడు.

ఆ ఏడాది ఇంటి పన్ను చీటీ వచ్చింది. ఎప్పుడూ పానకాలరావు ఫోనులో కట్టి పారేసేవాడు. కట్టేముందు మునిసిపాలిటీని, రోడ్లని, దోమల్ని తలుచుకుని కాసేపు తిట్టడం ఆ పనిలో భాగం. ఈసారి భ్రమరాంబగారు, ఇంటి పన్ను ఓనరు కట్టుకోవాలి గాని అద్దెకున్నవాళ్ళు కాదన్నారు. మంచి చీర కట్టుకుని, ఆటోలో కార్పొరేషను ఆఫీసుకి వెళ్ళి, లైన్లో నిలబడి, డబ్బు కట్టి, రసీదు తెచ్చుకున్నారు. ఇంటికొచ్చి హిమబిందుతో, "నా పేరు పిలిచి ఇచ్చారమ్మాయ్," అన్నారు. దాన్ని నాలుగుసార్లు చదివించుకుని దేవుడి గూట్లో పెట్టారు. పన్ను తప్పించుకుని సంతోషించినవాళ్ళని మా లైనులో చాలామందిని చూశాను. కట్టి సంతోషించిన మనిషిని మాత్రం ఆవిడ ఒక్కరినే చూశాను.

రెండేళ్ళు ఇలా గడిచాయి. తరవాత ఏప్రిల్లో మస్తాన్‌వలిగారు మళ్ళీ కాఫీకి వచ్చారు. పన్నుకి ఇప్పుడు పాత పద్ధతీ కొత్త పద్ధతీ అని రెండున్నాయట. కొత్తదాంట్లో పన్ను తక్కువ గాని, ఈ అద్దెలూ పాలసీలూ ఏవీ లెక్కలోకి రావట. పానకాలరావు జీతానికి కొత్తదే లాభమని ఆయన తేల్చారు. పానకాలరావు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"అయితే ఇంక అమ్మకి అద్దె ఇవ్వక్కర్లేదన్నమాట," అన్నాడు.

మస్తాన్‌వలిగారు కాఫీ చివరి గుక్క తాగారు. "పన్ను కోసమైతే అక్కర్లేదండీ," అన్నారు. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచారు. ఆడిటర్లు సగం వాక్యానికే ఫీజు తీసుకుంటారు, మిగతా సగం మనమే అర్థం చేసుకోవాలి. పానకాలరావు అర్థం చేసుకోలేదు.

మే ఒకటో తారీఖున ఫోను టింగుమనలేదు. భ్రమరాంబగారు పొద్దుటి నుంచి దాన్ని వంటింటి గట్టు మీద పెట్టుకున్నారు. ఛార్జింగు ఉందో లేదో చూడమన్నారు. రెండో తారీఖున బ్యాంకుకి సెలవేమోనన్నారు. మూడో తారీఖున పానకాలరావుకి కాఫీ ఇచ్చి నిలబడ్డారు. రెండేళ్ళ తరవాత మళ్ళీ నిలబడడం అదే. ఎండ గురించి మాత్రం మాట్లాడలేదు.

"అద్దె రాలేదయ్యా," అన్నారు.

పానకాలరావు పేపరు మడిచి, రూలు మారిన సంగతి, కొత్త పద్ధతి సంగతి ఓపిగ్గా చెప్పాడు. ఇకనుంచి అద్దె అక్కర్లేదని, ఆవిడకి ఏం కావాలన్నా ఎప్పటిలాగే తనని అడగొచ్చని, తను ఎప్పుడైనా లేదన్నాడా అని అడిగాడు. అన్నీ నిజాలే. భ్రమరాంబగారు మొత్తం విన్నారు.

"అంటే, ఖాళీ చేస్తున్నారా?" అన్నారు.

పానకాలరావు నవ్వాడు. హిమబిందు నవ్వలేదు. భ్రమరాంబగారు వసారాలోకి వచ్చి, నన్ను డ్రమ్ము మీద నుంచి తీసి, తిరగేసి, కొంగుతో తుడిచారు. ఇన్నేళ్ళ తడికి నా అక్షరాలు అంచుల్లో కాస్త పెచ్చులూడాయి గాని చదవడానికి వస్తున్నాయి. పాత చీర అంచు చింపి నా రెండు చిల్లుల్లోంచి దూర్చి, తీసుకెళ్ళి గేటుకి కట్టారు. సరిగ్గా చిదంబరంగారి పేరున్న పలక పక్కనే. తరవాత లోపలికి వెళ్ళి, రెండు నెలల టైముంది, తొందరేం లేదు, నిదానంగా ఇల్లు చూసుకోండని చెప్పారట.

ముందు పానకాలరావు వేళాకోళం అనుకున్నాడు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నన్ను చూసి, విప్పబోయి, వీధిలో ఎవరో వస్తుంటే మానేశాడు. కన్నతల్లి బోర్డు పెట్టిందంటే నామర్దా. తను విప్పుతుంటే ఎవరైనా చూస్తే ఇంకా నామర్దా. నేను ఉండిపోయాను.

ఆదివారం పొద్దున ఒక జంట వచ్చింది. ఇద్దరూ ఏదో ఇంజనీరింగు కాలేజీలో లెక్చరర్లు, కొత్తగా బదిలీ అయి వచ్చారు. నా మాట ప్రకారం లోపల విచారించారు. భ్రమరాంబగారు వాళ్ళని తీసుకెళ్ళి ఇల్లంతా చూపించారు. గేటు దగ్గర్నుంచి తలుపు తీసి ఉంటే హాలంతా నాకు కనిపిస్తుంది. పానకాలరావు లుంగీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. వాళ్ళు అతన్ని చుట్టి గోడలు చూశారు, కిటికీలు తీసి చూశారు, టీవీ ఎక్కడ పెట్టుకోవచ్చో మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి నీళ్ళ సంగతి అడిగితే వంటింట్లోంచి హిమబిందు జవాబు చెప్పింది.

"నీళ్ళకేం లోటు లేదండీ. ఓనరు మంచావిడ. ఏం చెప్పినా ఆ రోజే చేయిస్తారు."

వచ్చినాయనకి ఇల్లు నచ్చింది. అంత నచ్చాక అనుమానం రావడం మధ్యతరగతి లక్షణం. పానకాలరావు పక్కన కూర్చుని, గొంతు తగ్గించాననుకుని, గేటు దాకా వినపడేలా అడిగాడు.

"ఇంత బాగుంది గదండీ. మరి మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?"

పానకాలరావు చెంచా ఉప్మాలో అలాగే పెట్టి ఆలోచించాడు. ఆఫీసులో వందలమందికి పాలసీ షరతులు విడమరిచి చెప్పిన మనిషి. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు, తను కూడా అడుక్కోలేదు.

"రూలు మారిందండీ," అన్నాడు చివరికి.

వచ్చినాయనకి అర్థం కాలేదు. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళిపోయారు. గేటు వేసేటప్పుడు ఆ అమ్మాయి మొగుడితో, ఏదో గొడవ ఉన్నట్టుంది, అయినా ఇల్లు బాగుంది అంది.

వాళ్ళు వెళ్ళాక పానకాలరావు గేటు దాకా వచ్చాడు. వెనకాలే భ్రమరాంబగారు వచ్చారు. అతను చలువరాతి పలక మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నేను నీ కొడుకుని కదమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. ఒట్టి రేకుని, నాకే అదోలా అనిపించింది.

"కాదన్నానా నాన్నా?" అన్నారు ఆవిడ. "కొడుకువైతే నేను అడగాల. అద్దెకున్నోడివైతే నువ్వే ఇస్తావు. మీ నాన్నని అడిగా. నిన్ను అడిగా. ఇంక అడగలేనయ్యా."

పానకాలరావు ఏదో చెప్పబోయాడు. ఎప్పుడైనా లేదన్నానా అనే మాటే అయివుంటుంది. నోటిదాకా వచ్చినట్టుంది గాని బయటకి రాలేదు. ఇచ్చినప్పుడల్లా ఏం అడిగేవాడో అప్పుడు గుర్తొచ్చిందేమో, తెలియదు. నేను బోర్డుని, మొహాలు చదవడం నాకు సరిగ్గా రాదు. నన్నే అందరూ చదువుతారు.

అతను జేబులోంచి ఫోను తీశాడు. ఎండకి తెర కనిపించక, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో నొక్కాడు. లోపల, వంటింటి గట్టు మీద, ఫోను టింగుమంది. వెంటనే హిమబిందు గొంతు వినిపించింది. "ఓనరుగారూ, మే అద్దె పడిందండీ."

"సరే," అన్నారు భ్రమరాంబగారు. పానకాలరావు వైపు తిరిగి, "టీవీ అంత ఎత్తులో ఉంటే మెడ నొప్పి పుడతది. కాస్త కిందకి పెట్టించుకో. పాత చిల్లులు నేను పూడ్పిస్తాలే," అన్నారు.

ఆ తరవాత మస్తాన్‌వలిగారు ఒకసారి వచ్చి, ఇప్పుడు ఈ అద్దె వల్ల మీకు ఒక్క రూపాయి కలిసిరాదు కదండీ రావుగారూ, అయినా ఇస్తున్నారా అని అడిగారు. ఇస్తున్నానన్నాడు. ఎందుకని ఆయన అడగలేదు. కాఫీ తాగి, ఇప్పుడు ఎవరొచ్చి చూసినా ఇబ్బంది లేదండీ, అసలైన అద్దె ఇదే అని చెప్పి వెళ్ళారు. పన్ను తగ్గుతుందని మొదలుపెట్టిన పనుల్లో, పన్ను తగ్గకపోయినా సాగుతున్నది మా లైనులో ఇదొక్కటే. చువ్వల మేడ సంగతి నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

నన్ను విప్పి మళ్ళీ డ్రమ్ము మీద పెడతారనుకున్నాను. పానకాలరావు అదే పని మీద వచ్చాడు. భ్రమరాంబగారు వద్దన్నారు. డ్రమ్ముకి కొత్త మూత కొన్నారట, తన డబ్బుతో. నన్ను గేటుకే ఉంచి, అటుది ఇటు తిప్పి కట్టించారు. ఇప్పుడు వీధిలో పోయేవాళ్ళకి నా వీపు, సగం వేరుశనగకాయ కనిపిస్తాయి. ఇక్కడ నూనె అమ్ముతారా అని ఒకరిద్దరు అడిగారు కూడా.

రాతవైపు ఇంట్లోకి ఉంది. పొద్దున పానకాలరావు బండి బయటకి తీస్తూ రోజూ నన్ను చదువుతాడు. ఇల్లు అద్దెకు ఇవ్వబడును. వివరములకు లోపల విచారించండి. ఒక్కోసారి బండి స్టాండు వేసి లోపలికి తిరిగి వెళ్ళి, "అమ్మా, తెనాలి ఎప్పుడెళ్తావు? నేను దింపనా?" అని అడుగుతాడు.

ఆవిడ కాసేపు ఆలోచించి చెబుతారు. ఒక్కోసారి సరేనంటారు. ఒక్కోసారి అక్కర్లేదు, ఆటోలో పోతానంటారు.